బెంచ్ మీద రాడ్ ఒకవైపు వాలితే తప్పు ట్రైసెప్స్‌దేనా? నా దగ్గరకొచ్చిన ఒక కేసు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ముందే ఒప్పేసుకుంటా, ఈ కేసులో మొదటి రెండు వారాలు నేను తప్పు దారిలో పోయాను. కేసు నయం చేసానని చెప్పుకోడానికి రాయట్లేదు ఇది, జిమ్‌లో బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని బరువుల రాడ్‌ని ఛాతీ మీద నుంచి పైకి తొయ్యడం) గురించి అందరూ చెప్పే "రాడ్ పైన ఆగితే ట్రైసెప్స్ (దండ వెనక ఉండే, మోచెయ్యి చాపే కండరం) వీక్" అనే మాట నా బుర్రలో కూడా ఎలా తిష్ట వేసుక్కూర్చుందో చెప్దామని రాస్తున్నా. అబ్బాయిని అడిగే రాస్తున్నా, పేరూ ఊరూ మాత్రం వద్దన్నాడు, కాబట్టి భీమవరం ఆకివీడు మధ్యలో ఒక పల్లెటూరు అనుకోండి చాలు.

వయసు 24. కుడిచేతి వాటం. చేపల చెరువుల దగ్గర మేత దింపే జట్టులో పని, అంటే లారీలో వచ్చిన తవుడు బస్తాలు, నూనె తీసిన చెక్క బస్తాలు భుజం మీద వేసుకుని గట్టు మీద షెడ్డు దాకా మొయ్యడం. 18 ఏళ్ళప్పటి నుంచీ అదే పని, ఎప్పుడూ కుడి భుజమే. తవుడు బస్తా అంటే తెలుసుగా, దగ్గర దగ్గర 50 కేజీలు. ఏడాదిన్నర నుంచి సాయంత్రం పూట జిమ్‌కి కూడా వెళ్తున్నాడు, మనిషి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాడు, చెస్ట్ ఉంది, చేతులున్నాయి.

జూలైలో వచ్చాడు. కంప్లైంట్ ఏంటంటే రెండు నెలల నుంచి కుడి జబ్బ ముందు భాగంలో నొప్పి, చొక్కా మేకుకి తగిలించాలన్నా చెయ్యి బరువెక్కిపోతుంది, బస్తాల్ని పై వరసలోకి ఎక్కించలేకపోతున్నాడు. ఇవన్నీ నేను గుచ్చి గుచ్చి అడిగితే వచ్చినవి. అతను వచ్చీ రాగానే చెప్పింది మాత్రం ఇదొక్కటే: "బెంచ్ కొడతంటే రాడ్ పైకెళ్ళాకా కుడివైపుకి వాలిపోతందండి, ఎడమ చెయ్యి ముందెళ్ళిపోతంది." జిమ్‌లో ట్రైనర్ చూసి, పైన లాకౌట్ దగ్గర, అంటే మోచేతులు పూర్తిగా చాచే చోట, ఆగిపోతుందంటే ట్రైసెప్స్ వీక్ అని చెప్పాడంట. రెండు నెలలు ట్రైసెప్స్ కోసం కేబుల్ పుష్‌డౌన్ (కేబుల్‌ని కిందకి తొయ్యడం), క్లోజ్ గ్రిప్ బెంచ్ (చేతులు దగ్గరగా పట్టుకుని బెంచ్) కొట్టించాడంట. ట్రైసెప్స్ పెరిగిన మాట నిజమే, మోచెయ్యి చాపి నాకు చూపించాడు కూడా. రాడ్ మాత్రం వాలుతూనే ఉంది.

ట్రైనర్‌ని తప్పు పట్టట్లేదు. పుస్తకాల్లో కూడా దాదాపు అలాగే ఉంటుంది. బెంచ్ ప్రెస్‌లో రాడ్ ఛాతీ మీద నుంచి లేచేటప్పుడు ఎక్కువ బరువు లాగేది పెక్టొరాలిస్ మేజర్, అంటే మనం చెస్ట్ అనేది. అది రెండు భాగాలు, కాలర్ ఎముక నుంచి వచ్చేదొకటి, ఛాతీ మధ్య ఎముకా పక్కటెముకల నుంచి వచ్చేదొకటి, రెండూ వచ్చి దండ ఎముక పైభాగంలో అతుక్కుంటాయి. బెంచ్‌ని ఒక 30 డిగ్రీలు పైకి లేపితే కాలర్ ఎముక భాగానికి పని పెరుగుతుంది. దానికి తోడు భుజం ముందు ఉండే డెల్టాయిడ్. సగం దాటాక మోచెయ్యి పూర్తిగా చాపే పని ట్రైసెప్స్‌ది, గ్రిప్ దగ్గరికి పెట్టుకుంటే దానికింకా ఎక్కువ పని. కనపడకుండా లోపల రొటేటర్ కఫ్ కండరాలు నాలుగూ దండ ఎముక గుండుని దాని గిన్నెలో కూర్చోబెట్టి ఉంచుతాయి. జిమ్ గోడ మీద చార్టులో కూడా ఇంతే ఉంటుంది, చెస్ట్ ఎర్రగా, ట్రైసెప్స్ నారింజ రంగులో, అయిపోయింది. అందుకే కింద ఆగితే చెస్ట్, పైన ఆగితే ట్రైసెప్స్ అని ఒక లెక్క అలవాటైపోయింది అందరికీ. చాలాసార్లు ఆ లెక్క కరెక్టే కూడా.

సరే నేను చేసిందేంటి. టీషర్ట్ చెయ్యి పైకి మడిచి ముందు వైపు నొక్కి చూసా, బైసెప్స్ టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది) ఉండే గాడి దగ్గర నొప్పి అన్నాడు. చెయ్యి పక్కకి లేపమంటే మధ్యలో నొప్పి అన్నాడు. బస్తాలు మోసే మనిషి, పైగా బెంచ్ కొడతాడు, ఇంకేముంది, భుజంలో టెండన్ నలుగుతోంది అని రాసేసుకుని నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్, సన్నగా కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, రబ్బరు బ్యాండుతో చెయ్యి బయటికి తిప్పే ఎక్సర్‌సైజులు మొదలెట్టాను. ఆరు సిట్టింగులు. నొప్పి కాస్త తగ్గింది. ట్రీట్‌మెంట్ వల్ల తగ్గిందో, వానలకి ఆ పది రోజులు లారీలు రాక బస్తాలు మొయ్యకపోవడం వల్ల తగ్గిందో ఆ దేవుడికే తెలియాలి.

వెనక నుంచి చూడలేదు. చొక్కా విప్పించలేదు. బయట బెంచీ మీద ఆడవాళ్ళు కూర్చున్నారు, మధ్యలో కర్టెన్ సరిగ్గా లేదు, ఇలాంటి సాకులన్నీ ఉన్నాయి నా దగ్గర.

ఏడో సిట్టింగ్ రోజు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూడా మొరాయించింది, ఉక్కపోత తట్టుకోలేక అబ్బాయే చొక్కా తీసి మొహం తుడుచుకుని, మంచం మీద నుంచి లేస్తూ ఊతానికి కుడి చెయ్యి గోడకి ఆన్చి తోసాడు. నేను వెనకాల ఉన్నా. కుడి రెక్క ఎముక లోపలి అంచు మొత్తం వీపు మీద నుంచి లేచి నిలబడింది, తలుపు సగం తెరిచినట్టు. ఎడమది బుద్ధిగా వీపుకి అంటుకుని ఉంది. అలాగే ఉండమని చెప్పి ఆ అంచు కిందకి నా వేళ్ళు పెట్టి చూస్తే మూడు వేళ్ళు కణుపు దాకా దూరిపోయాయి. అతనికి నొప్పేం లేదు, "చక్కిలిగింతలండి" అంటున్నాడు, నాకు చెమట్లు పడుతున్నాయి.

రెక్క ఎముకని పక్కటెముకలకి అంటిపెట్టి ఉంచేది సెర్రేటస్ ఆంటీరియర్ అనే కండరం. చంక కింద డొక్కలో రంపం పళ్ళలాగా కనిపిస్తుంది చూడండి, బాక్సర్లకి బాగా తేలి ఉంటుంది, అది. పైన ఎనిమిది తొమ్మిది పక్కటెముకల నుంచి మొదలై రెక్క ఎముక కిందగా దూరి వెళ్ళి లోపలి అంచుకి అతుక్కుంటుంది. దేన్నైనా ముందుకి తోసినప్పుడు రెక్కని ముందుకి జరుపుతుంది, చెయ్యి తల పైకి ఎత్తినప్పుడు రెక్కని పైకి తిప్పుతుంది. దానికి కరెంటు ఇచ్చేది ఒకే ఒక్క నరం, లాంగ్ థొరాసిక్ నెర్వ్. మెడలో ఐదు, ఆరు, ఏడు నంబర్ల నరాల వేర్ల నుంచి బయల్దేరి డొక్క పొడుగునా పైపైనే దిగుతుంది, పెద్దగా కాపలా ఏమీ లేకుండా. బ్రిటన్ డాక్టర్ చార్లెస్ బెల్ పేరు మీద బెల్ నరం అని కూడా అంటారు.

ఆ రోజే కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చూసా. చెయ్యి ముందు నుంచి పైకి ఎత్తమంటే 110 డిగ్రీల దగ్గర ఆగిపోయింది, దించేటప్పుడు రెక్క ఇంకా ఎక్కువ లేచింది. అప్పుడు నా అరచెయ్యి రెక్క మీద పెట్టి పక్కటెముకలకేసి గట్టిగా అదిమి, కింద మూలని ముందుకి తిప్పుతూ ఇప్పుడు ఎత్తమన్నా. 160 దాటింది, నొప్పి లేకుండా. అబ్బాయి తన చేతినే వింతగా చూసుకున్నాడు. "ఏం చేసారండి?" అన్నాడు. ఏమీ చెయ్యలేదు బాబూ, నీ కండరం చెయ్యాల్సిన పని నేను చేసానంతే అన్నా.

వేరే కారణాలు కూడా వరసపెట్టి చూసుకోవాలి ఇక్కడ, రెక్క లేచిందంటే ప్రతిసారీ సెర్రేటస్సే అనుకోకూడదు. ట్రపీజియస్ (మెడ నుంచి వీపు మధ్య దాకా పరుచుకున్న కండరం) పోతే కూడా రెక్క లేస్తుంది, కాకపోతే అప్పుడు భుజం కిందకి జారి రెక్క వెన్నుకి దూరంగా పోతుంది, చెయ్యి పక్కకి ఎత్తినప్పుడు ఎక్కువ కనపడుతుంది. ఇతనికి భుజం ఎగరెయ్యడం గట్టిగానే ఉంది, రెక్క కింద మూల వెన్ను వైపుకే జరుగుతోంది. రెక్కని వెన్ను వైపుకి లాగే రాంబాయిడ్లు బానే ఉన్నాయి. మెడ తిప్పితే చేతిలోకి లాగడం లేదు, రిఫ్లెక్సులు రెండు వైపులా సమానం, తిమ్మిర్లు లేవు. మొదట్లో రాత్రిళ్ళు నిద్ర పట్టనంత నొప్పి వచ్చి, అది తగ్గాక చెయ్యి పడిపోయిందా అని అడిగా, ఎందుకంటే నరాల వాపు జబ్బు ఒకటి అలాగే వస్తుంది, జ్వరం తర్వాతో ఆపరేషన్ తర్వాతో. అలాంటిదేం లేదన్నాడు. ఎడమ రెక్క మామూలుగానే ఉంది, మొహం కండరాలు మామూలే, ఇంట్లో ఎవరికీ ఇలా లేదు, అంటే వంశపారంపర్యంగా వచ్చే కండరాల జబ్బు అనుమానం కూడా తగ్గింది.

ఇక అసలు విషయానికొస్తే, సెర్రేటస్ ఇంత పోయిన మనిషి బెంచ్ మీద 60 కేజీలు ఎలా కొడుతున్నాడు?

ఇది తేల్చుకోడానికి ఆ సాయంత్రం జిమ్‌కి నేనే వెళ్ళా. బెంచ్ మీద పడుకోబెట్టి, నేను తల వైపు నిలబడి ఫోన్‌లో వీడియో తీసా, 40 కేజీలు చాలన్నా. కింద నుంచి మూడొంతులు రాడ్ నీటి మట్టంలా సమానంగా వచ్చింది. ఆఖరి పావు వంతులో కుడివైపు దగ్గర దగ్గర రెండు అంగుళాలు కిందే ఉండిపోయింది. కానీ వీడియో ఆపి చూస్తే మోచేతులు రెండూ పూర్తిగా చాచే ఉన్నాయి! అంటే ట్రైసెప్స్ తన పని తాను చేసేసింది. ఎడమ భుజం మొత్తం ఒక పిసరు ముందుకి, అంటే పైకప్పు వైపుకి జరిగింది, కుడి భుజం జరగలేదు, ఆ తేడానే ఆ రెండు అంగుళాలు. డౌట్ తీరడానికి కేబుల్ దగ్గర ఒక్కో చేత్తో విడివిడిగా పుష్‌డౌన్ చేయించా, ఒకే బరువు, రెండు చేతులకీ 12 చొప్పున వచ్చాయి, నిజానికి కుడిదే కాస్త తేలిగ్గా కొట్టాడు.

బెంచ్ ప్రెస్‌లో మనం రెక్కలు రెండూ వెనక్కి దగ్గరగా లాగి బెంచ్‌కి అదిమి పెట్టుకుంటాం, అలా పెట్టుకోమనే నేర్పిస్తారు, భుజానికి మంచిదే అది. కానీ అప్పుడు ఏం జరుగుతుందంటే, రెక్కని పట్టుకోవాల్సిన పని బెంచే చేసేస్తుంది. పైన ఒంటి బరువు, రాడ్ బరువు, కింద చెక్కలాంటి బెంచ్, మధ్యలో రెక్క నొక్కుకుని ఉంటుంది, లేవడానికి చోటే లేదు. సెర్రేటస్ అసలు పని చెయ్యదని కాదు, చెయ్యకపోయినా బండి నడిచిపోతుంది. అదే దండీలు తీస్తే వీపు వెనకాల ఏముంది, గాలి. రెక్క ఎటైనా పోవచ్చు, పట్టుకోడానికి సెర్రేటస్ ఒక్కటే దిక్కు. అందుకే జిమ్‌లోనే దండీలు తియ్యమని అడిగా. మూడోదానికే కుడి రెక్క గూడు కట్టింది, ఐదోదానికి పక్కకి ఒరిగిపోయాడు. బెంచ్ మీద 60 కొట్టేవాడు! చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు, నేను నవ్వలేదు, ఎందుకంటే ఏడాదిన్నరలో ఎప్పుడైనా దండీలు తీసావా అంటే "అయ్యి ఇంట్లో కొట్టేయ్ కదండి, జిమ్‌కొచ్చి ఎందుకని" అన్నాడు. ఒక్కసారి తీసుంటే జూలై దాకా ఆగక్కర్లేకుండా ఎవడో ఒకడు చూసేవాడు.

ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది, నేనే పట్టించుకోలేదు. మొదటి రోజే చెప్పాడు, బెంచ్ మీద పడుకుంటే కుడివైపు వీపులో ఏదో ఎముక ఒరుసుకుంటుంది, కింద తువ్వాలు మడిచి పెట్టుకుంటున్నానని. బెంచ్ ఫోమ్ పోయిందేమో అన్నా నేను. లేచిన రెక్క అంచే అది.

విజయవాడలో నరాల డాక్టర్ దగ్గరకి పంపించా. ఈఎంజీ, అంటే కండరంలో సూది గుచ్చి దాని నరం ఎలా ఉందో చూసే పరీక్ష, నరం దెబ్బతిన్న వెంటనే చేస్తే సరిగ్గా దొరకదు, కనీసం మూడు వారాలు దాటాలి, ఇతనికి రెండు నెలలు దాటింది కాబట్టి ఆ గొడవ లేదు. రిపోర్టులో సెర్రేటస్ ఒక్కదాంట్లోనే నరం దెబ్బ తిన్న గుర్తులు, మిగతా కండరాలన్నీ నార్మల్, అదృష్టం ఏంటంటే కొన్ని తీగలు ఇంకా బతికే ఉన్నాయి, అంటే పూర్తిగా తెగలేదు. కారణం బస్తాలే అని నూటికి నూరు శాతం చెప్పలేం, కానీ ఆరేళ్ళు అదే భుజం మీద అంత బరువు, మెడ పక్కకి వంచి, అది చాలు నలగడానికి. బరువైన బ్యాగులు మోసే సైనికుల్లో, ట్రెక్కింగ్ చేసేవాళ్ళలో ఇలాంటిది వస్తుందని డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ళకి పట్టీలు, మనవాళ్ళకి బస్తాలు.

ట్రీట్‌మెంట్‌లో అన్నిటికంటే కష్టమైంది ఎక్సర్‌సైజులు కాదు, కూలి. జట్టులో డబ్బులు బస్తాల లెక్కన వస్తాయి, అందరూ పంచుకుంటారు, ఒకడు మొయ్యకపోతే మిగతావాళ్ళు ఎందుకు ఊరుకుంటారు. మొయ్యొద్దు అని నేను చీటీ మీద రాసిస్తే అయిపోతుందా? మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడా. మంచాయనే, "ఆయ్, కుర్రోడు పాడైపోతే మాకేం లాభవండి" అని పడవ మీదకి మార్చాడు. చెరువులో వెదురు కర్రలకి చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి కడతారు కదా, ఆ కట్టే పని. గెడ వేసే పని మాత్రం వద్దన్నా, గెడ గుచ్చి పడవని తోసేది అచ్చంగా సెర్రేటస్ పనే. గెడ వేరేవాడు వేస్తాడు, ఇతను సంచులు కడతాడు. రోజుకి కూలి కొంచెం తగ్గింది, వాళ్ళమ్మ నా దగ్గరకొచ్చి ఇంకెన్నాళ్ళు బాబూ అని అడిగిందంటే నా దగ్గర సూటి సమాధానం లేదు. నరం తిరిగి పెరిగితే రోజుకి సుమారు 1 మిల్లీమీటర్ పెరుగుతుంది, చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు వస్తుంది అని ఉన్నదున్నట్టు చెప్పా.

బెంచ్ ఆపించేసా. ఇక్కడ అబ్బాయి బాగా అలిగాడు. కానీ చెస్ట్ బలంగా ఉండి సెర్రేటస్ నిద్రపోతుంటే రెక్క ఇంకా ముందుకి ఒరుగుతుంది, చెస్ట్ లోపల ఉండే చిన్న కండరం పెక్టొరాలిస్ మైనర్ బిగుసుకుంటుంది, ఉన్న కాస్త కదలిక కూడా పోతుంది. రోయింగ్ (బరువుని ఒంటి వైపుకి లాగడం) ఉంచా, తేలికపాటి బరువుతో, ట్రపీజియస్ రాంబాయిడ్లు మేలుకుని ఉండాలి కదా. భుజం బిగుసుకోకుండా రోజూ పడుకుని ఎడమ చేత్తో కుడి చేతిని తల పైకి తీసుకెళ్ళడం. సెర్రేటస్‌కి మాత్రం ఒకటే పని: వెల్లకిలా పడుకుని, కుడి చెయ్యి నిటారుగా పైకి, మోచెయ్యి వంచకుండా దూలాన్ని నెడుతున్నట్టు భుజాన్ని పైకి తొయ్యడం. మొదట్లో ఉత్త చేత్తో ఎనిమిదే ఎనిమిది. వణుకు వస్తే ఆపెయ్యాలి, నీరసపడ్డ కండరాన్ని అలిసిపోయేదాకా కొడితే లాభం లేదు. ఆరేళ్ళు బస్తాలు మోసినోడికి ఉత్త చేత్తో ఎనిమిది అంటే అవమానంగానే ఉంటుంది, అర్థం చేసుకోగలను.

ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ దాదాపు ఏమీ మారలేదు. ఇలాంటి నెలల గురించి కేసుల్లో ఎవరూ రాయరు. నవంబర్ మధ్యలో, పడుకుని చెయ్యి తోసేటప్పుడు డొక్క మీద వేళ్ళు పెట్టి చూస్తే ఆరో పక్కటెముక దగ్గర కండరం గట్టిపడ్డం తెలిసింది. అబ్బాయి చెయ్యి పట్టుకుని అతని వేళ్ళే అక్కడ పెట్టించా, ఏం మాట్లాడలేదు, ఇంకోసారి తోసి చూసుకున్నాడు. అప్పటి నుంచి అర లీటరు నీళ్ళ సీసా, తర్వాత లీటరు, తర్వాత గోడకి దండీలు, చివర్లో ఇంకొంచెం తోసి వీపుని గుండ్రంగా చెయ్యడం. ఆ చివరి అంగుళమే సెర్రేటస్‌ది.

సంక్రాంతికి దెబ్బ తిన్నాం. పందేల దగ్గర బావమరిది వరసవాడు పందెం కట్టాడంట, దండీలు తియ్యగలవా అని. పాతిక తీసాడంట. వారం రోజులు చెయ్యి లేవలేదు, కనుమ అయ్యాక మొహం వేలాడేసుకుని వచ్చాడు. తిట్టాలనిపించింది, కానీ పాతిక తియ్యగలిగాడంటే లోపల నాకు కాస్త సంతోషం కూడా వేసింది, అది పైకి చెప్పలేదు. మళ్ళీ రెండు వారాలు నీళ్ళ సీసాకి తీసుకెళ్ళా.

ఫిబ్రవరిలో బెంచ్‌కి తీసుకొచ్చా, కానీ పద్ధతి మార్చి. ముందు నేల మీద పడుకుని డంబెల్స్‌తో, ఒక్కో చెయ్యి విడిగా, చివర్లో భుజం పైకి తొయ్యాలి. తర్వాత ఉత్త రాడ్. తర్వాత నెలకి ఐదు కేజీలు. బెంచ్ కొట్టిన రోజు కచ్చితంగా దండీలు కూడా, వెనక నుంచి ఎవరో ఒకరు వీడియో తియ్యాలి. ట్రైనర్ కూడా బాగా సహకరించాడు, ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి కుర్రాడి చేతా చొక్కా విప్పించి గోడని తోయిస్తున్నాడంట, కాస్త అతి అనిపించింది గానీ పోన్లే.

ఏప్రిల్‌లో ఆఖరిసారి చూసినప్పుడు చెయ్యి ముందు నుంచి 165 డిగ్రీలు, నొప్పి లేదు. సెర్రేటస్ బలం ఐదుకి నాలుగు. గోడని తోస్తే రెక్క కదలట్లేదు, చేతిలో రెండు కేజీలు పెట్టి నెమ్మదిగా దించమంటే మాత్రం 90 డిగ్రీల దగ్గర ఇంకా కొంచెం లేస్తోంది, ఒక వేలు గోరు దాకా దూరుతుంది. బెంచ్ మీద 35 కేజీలు, రాడ్ సమానంగా ఉంది. 40 వేస్తే ఆఖరి రెండు రెప్స్‌లో వాలుతోంది. పడవ పని మీదే ఉన్నాడు, బస్తాలకి ఇంకా పంపలేదు, ఈఎంజీ మళ్ళీ జూలైలో చేయించాలి. తువ్వాలు మాత్రం ఇప్పుడు బెంచ్ మీద మడిచి పెట్టుకోవట్లేదు, మెళ్ళో వేసుకునే వచ్చాడు.